మెదడు మారుతుందట, మెరిట్ మాత్రం మారదట!

మెదడు మీద పరిశోధన చేస్తున్న యువతీ యువకుల కోసం ఈ మధ్య ఒక పెద్ద నగరంలో రెండు రోజుల సింపోజియం జరిగింది. పొద్దున పూట పరిశోధన, మధ్యాహ్నం పూట కెరీర్, మధ్యలో పోస్టర్లు, టీ, బిస్కెట్లు. పి.హెచ్.డి. చివరికొచ్చినవాళ్ళూ, పి.హెచ్.డి. ముగించుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళూ హాలు నిండా ఉన్నారు. మేమూ వెళ్ళాం. ఎలుక మెదడులో జ్ఞాపకం ఎట్లా నిలుస్తుందో చూసే పని మాది. మాతో పాటు మా ల్యాబ్‌లో రెండో సంవత్సరం చేస్తున్న ఒక తమ్ముడు కూడా వచ్చాడు. మాలాగే అతనిదీ కూలి కుటుంబం, సోషల్ వెల్ఫేర్ హాస్టల్ చదువు.

కథల మీదా కవిత్వం మీదా మనం విమర్శలు రాస్తుంటాం. మరి ఒక సైన్సు సభ మీద ఎందుకు రాయకూడదు? సభ కూడా ఒక పాఠ్యమే. దానికీ ఒక నాయకుడుంటాడు, ఒక కథనం ఉంటుంది, చెప్పే మాటల వెనక చెప్పని మాటలుంటాయి. పైగా ఈ పాఠ్యాన్ని చదువుకుని ఎవరు పరిశోధనలో ఉండాలో, ఎవరు ఊరికి తిరిగిపోవాలో తేల్చుకుంటున్నవాళ్ళు మన పిల్లలు. కాబట్టి ఇది ఊరికే చెప్పుకునే సభా విశేషం కాదు.

ముందు ఆ సభలో నచ్చిన సంగతే చెబుతాం. మొదటి రోజు పొద్దున ఉపన్యాసం అద్భుతంగా ఉంది. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టన్ వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960ల్లో పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలతో అది మొదలైంది. పుట్టిన తొలి వారాల్లో పిల్లికూన ఒక కంటి రెప్పను కుట్టేసి, కొన్ని నెలల తర్వాత విప్పారు. కంటిలో ఏ లోపమూ లేదు. కనుగుడ్డు బాగుంది, రెటీనా బాగుంది. అయినా ఆ కన్ను పంపే సంకేతాలకు మెదడులోని దృష్టి కణాలు దాదాపుగా పలకలేదు. వాటిని రెండో కన్ను ఆక్రమించుకుంది. పెద్ద పిల్లికి అదే విధంగా కన్ను మూస్తే ఆ నష్టం జరగలేదు. అంటే మెదడు తయారయ్యే కాలం ఒకటుంటుంది, ఆ కాలంలో ఏది అందిందో ఏది అందలేదో దాన్నిబట్టి మెదడు కట్టుబడుతుంది. ఈ పనికి 1981లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాత లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి చెప్పారు. ఎలినార్ మెగ్వైర్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధన అది. వేలాది వీధుల్ని బుర్రలో పెట్టుకుని బండి నడిపే ఆ డ్రైవర్లలో, దారులు గుర్తుంచుకోవడానికి పనికొచ్చే హిపోకాంపస్ వెనక భాగం మిగతావాళ్ళ కంటే పెద్దదిగా కనబడింది. ఎన్నేళ్ళు డ్రైవింగ్ చేస్తే అంత ఎక్కువ తేడా. చేసే పని మెదడును మారుస్తుంది అన్నమాట. ఉపన్యాసకుడు చివర్లో గట్టిగా చెప్పిన సారాంశం కూడా అదే. మెదడు పుట్టుకతో ముగిసిపోయిన వస్తువు కాదు, బతుకు దాన్ని మలుస్తుంది.

మేము చప్పట్లు కొట్టాం. మనవాళ్ళు తరతరాలుగా చెబుతున్నదే ఇది కదా అనుకున్నాం. కుట్టేసిన కన్ను మనకు తెలుసు. కుట్టిన చెయ్యీ తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కెరీర్ సెషన్ మొదలైంది. వేదిక మీద నలుగురు. అందరూ పేరున్నవాళ్ళు, మర్యాదస్తులు, ఎవరి మీదా మాకు వ్యక్తిగతమైన కోపం లేదు. నలుగురూ నాలుగు విజయగాథలు చెప్పారు. నాలుగింటికీ అల్లిక ఒక్కటే. చిన్నప్పుడు ప్రశ్నలడిగే స్వభావం, తర్వాత ఒక గొప్ప గురువు, తర్వాత విదేశంలో కష్టకాలం, ప్రయోగాలు విఫలమవడం, పట్టుదల, చివరికి సొంత ల్యాబ్. తపన ఉండాలి, పట్టుదల ఉండాలి, నలుగురితో పరిచయాలు పెంచుకోవాలి, ఈ మూడూ ఉంటే ఎవరైనా సాధించగలరు అని ముగింపు. ఒకాయన మాటల మధ్యలో నవ్వుతూ, తమ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర తండ్రితో సైన్సు వాదనలు నడిచేవని చెప్పాడు. మరొకరు, తాతగారి లైబ్రరీలో మొదటిసారి మెదడు బొమ్మ చూశానన్నారు. ఇవి వాళ్ళ కథల్లో అలంకారాలుగా వచ్చిపోయాయి. కారణాలుగా రాలేదు.

మా అభ్యంతరమంతా ఇక్కడే. పొద్దున మెదడు గురించి మాట్లాడినప్పుడు పరిస్థితులే ప్రధానమన్నారు. మధ్యాహ్నం మనిషి గురించి మాట్లాడేసరికి పరిస్థితులు మాయమైపోయి లోపలి గుణమే మిగిలింది. ఎలుక తెలివికి కారణం దాని పంజరం ఎంత విశాలమో అన్న దానిలో వెతుకుతారు. శాస్త్రవేత్త తెలివికి కారణం ఆయన ఆత్మలో వెతుకుతారు. పొద్దున సైన్సు, మధ్యాహ్నం కర్మ సిద్ధాంతం! 'నీకు రాలేదంటే నీలో తపన లేదు' అనడానికీ, 'పూర్వజన్మలో పుణ్యం చేసుకోలేదు' అనడానికీ తేడా ఎంత? తాతగారి లైబ్రరీ పిల్లికూన తెరిచిన కన్ను వంటిదని ఆ సభలో ఒక్కరికీ తోచకపోవడం యాదృచ్ఛికం కాదు. తోస్తే విజయగాథ విజయగాథగా మిగలదు, వారసత్వపు లెక్క అవుతుంది.

ఈ కథనానికి మూలపురుషుడు కూడా సభలో ఉన్నాడు, తెర మీద బొమ్మగా. నాడీకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వల కావనీ, దేనికది విడి కణమనీ వాదించి నిలబెట్టిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్. 1852లో పుట్టాడు, 1906లో గోల్జితో కలిసి నోబెల్ పంచుకున్నాడు. యువ పరిశోధకులకు సలహాలు చెబుతూ ఆయన 1897లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు, అది తర్వాత పుస్తకమైంది. ఈ సలహాల పుస్తకాన్ని ఆ సభలో కూడా చదవమని సిఫారసు చేశారు. మేము చదివాం. ప్రతిభ కంటే సంకల్పం ముఖ్యమని ఆయన వాదన. సంకల్పానికి పట్టే జబ్బుల మీద ఒక అధ్యాయమే ఉంది. పుట్టు మేధావులే సైన్సు చెయ్యాలన్న అహంకారాన్ని ఆయన కొట్టేశాడు, అది ఆనాటికి గొప్ప మాటే. కానీ అదే పుస్తకంలో పరిశోధకుడికి ఎట్లాంటి భార్య దొరికితే మేలో కూడా సలహా ఉంది. అంటే సంకల్పం ఒక్కటే సరిపోదని, ఇంట్లో ఎవరో వండి, ఉతికి, పిల్లల్ని సాకితేనే మైక్రోస్కోపు ముందు కూర్చోవడం సాధ్యమని ఆయనకు తెలుసు. ఆ శ్రమను ఆయన లెక్కలో రాశాడు గానీ దానికి పేరు పెట్టలేదు. మన సభలో అసలు లెక్కలోనే రాయలేదు.

కహాల్ గురించి ఉపన్యాసకుడు ఒక తమాషా సంగతి కూడా చెప్పాడు. అల్లరి పిల్లవాడని తండ్రి అతన్ని కొన్నాళ్ళు మంగలి దగ్గర, కొన్నాళ్ళు చెప్పులు కుట్టేవాని దగ్గర పనికి పెట్టాడట. చెప్పులు కుట్టే పని అతనికి బాగానే పట్టుబడిందట. హాలంతా నవ్వింది. చెప్పులు కుట్టిన చెయ్యి నోబెల్ అందుకోవడం వాళ్ళకు ఒక వింత. మేము నవ్వలేకపోయాం. కహాల్ తండ్రి వైద్యుడు. చెప్పులు కుట్టడం ఆ పిల్లవాడికి శిక్ష, కొద్దికాలం శిక్ష. అందులోకి వెళ్ళాడు, బయటికి వచ్చాడు. మన దగ్గర మాదిగవానికి అది శిక్ష కాదు, పుట్టుక. లోపలికి తోసే తలుపే గానీ బయటికి తెరుచుకునే తలుపు లేదు. అదే పనిని 1990లో మండల్‌కు వ్యతిరేకంగా, మళ్ళీ 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్లకు వ్యతిరేకంగా రోడ్డెక్కిన అగ్రకుల విద్యార్థులు ఎట్లా వాడుకున్నారో గుర్తు చేసుకుందాం. బూట్లు పాలిష్ చేసి, రోడ్లు ఊడ్చి నిరసన తెలిపారు. రిజర్వేషన్లు వస్తే మా బతుకు ఇట్లా అవుతుందని చూపించడమే దాని అర్థం. వాళ్ళలో కాబోయే డాక్టర్లున్నారు. కహాల్ బొమ్మ తెర మీద చూపించినప్పుడు ఆ నవ్వుకీ ఈ నిరసనకీ మధ్య దూరం మాకు ఎక్కువగా కనబడలేదు.

2006 అన్నాం కాబట్టి ఇంకొక సంగతి చెప్పాలి. ఈ వ్యాసానికి అసలు కీలకం ఇదే. ఆ ఏడాది పార్లమెంటు చేసిన కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల రిజర్వేషన్ చట్టానికి చివర ఒక షెడ్యూలు ఉంది. ఈ చట్టం ఏ సంస్థలకు వర్తించదో అందులో పేర్లు రాశారు. శ్రేష్ఠమైన సంస్థలు, పరిశోధనా సంస్థలు, జాతీయ ప్రాధాన్యం, వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్న సంస్థలు అని దానికి వివరణ. అణుశక్తి సంస్థలు ఉన్నాయి, అంతరిక్ష సంస్థలు ఉన్నాయి. వాటి మధ్యలో ఒక పేరు, నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, మానేసర్. దేశంలో మెదడు పరిశోధన కోసమే ప్రత్యేకంగా 1999లో పుట్టిన కేంద్రప్రభుత్వ సంస్థ. నాడీశాస్త్ర విభాగం ఉన్న బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ కూడా అదే జాబితాలో ఉంది.

ఇక 2019 సంగతి మనందరికీ తెలిసిందే. విశ్వవిద్యాలయాన్ని కాకుండా ఒక్కొక్క డిపార్ట్‌మెంటును యూనిట్‌గా తీసుకుని రోస్టర్ వెయ్యాలన్న తీర్పుతో మన అధ్యాపక పోస్టులు ఎగిరిపోయే పరిస్థితి వచ్చింది. పదమూడు పాయింట్ల రోస్టర్ వద్దని దేశమంతా వీధికెక్కింది. ప్రభుత్వం దిగివచ్చి మార్చిలో ఆర్డినెన్సు, జులైలో చట్టం తెచ్చింది. మనం గెలిచాం, సంబరం చేసుకున్నాం. కానీ ఆ చట్టం చివర షెడ్యూలు ఎంతమందిమి చదివాం? అందులోనూ అదే పేరు ఉంది. విద్యార్థిగా ప్రవేశించడానికీ మినహాయింపే, అధ్యాపకుడిగా ప్రవేశించడానికీ మినహాయింపే.

అణుబాంబుకు రహస్యం ఉంటుందంటే ఒప్పుకోకపోయినా అర్థమవుతుంది. మెదడుకు ఏం రహస్యం? దళితుడు ముట్టుకుంటే మైలపడే భాగం మెదడులో ఏదైనా ఉందా? బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు మీద దశాబ్దాలుగా పని జరుగుతున్నది. అక్కడ రిజర్వేషన్లు ఉన్నాయి. దానివల్ల అక్కడ సైన్సు చచ్చిపోయిందని ఎవరైనా నిరూపించారా? ఇంత పెద్ద ప్రశ్న చట్టపుస్తకంలో అచ్చయి ఉండగా, రెండు రోజుల కెరీర్ సభలో దాని మీద ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. కెరీర్ అంటే తలుపుల్లోంచి నడవడం. ఏ తలుపు ఎవరికి చట్టబద్ధంగా తెరవనక్కర్లేదో చెప్పకుండా ఎట్లా నడవాలో చెప్పడం మోసం కాకపోతే ఏమిటి?

మెదడుకూ కులానికీ సంబంధం ఇవాళ్టిది కాదు. 1891లో హెర్బర్ట్ రిస్లీ బెంగాలులో ముక్కులు కొలిచి కులాలకు వరుస కట్టాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ మన తెలుగు కులాలతో సహా దక్షిణాది మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. దక్షిణ భారత కులాలు, తెగల మీద ఆయన ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. కొలిచేవాడొకడు, కొలతకు నిలబడేవాడొకడు. అప్పుడు మనవాళ్ళ పాత్ర రెండోది. బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆ కొలతల్ని ఊరికే తిట్టి వదిలెయ్యలేదు. 1948లో వచ్చిన తన అస్పృశ్యుల గ్రంథంలో ఆ ముక్కు కొలతల్నే చేతికి తీసుకుని, బ్రాహ్మణుడూ అస్పృశ్యుడూ ఒకే జాతి అని ఆ అంకెలే చెబుతున్నాయని చూపించాడు. కొలిచేవాని కర్రతోనే కొలతను కొట్టాడు. మన పిల్లలు ల్యాబుల్లో ఎందుకుండాలి అని అడిగేవాళ్ళకు మా జవాబు ఇదే.

ఇవాళ కర్ర మారింది, స్కానర్ వచ్చింది. 2015లో కింబర్లీ నోబుల్ బృందం అమెరికాలో 1,099 మంది పిల్లలు, యువకుల మెదడులను స్కాన్ చేసి, కుటుంబ ఆదాయానికీ మెదడు పైపొర వైశాల్యానికీ సంబంధం ఉందని చూపించింది. ఆదాయం అడుగున ఉన్న కుటుంబాల్లో కొద్ది తేడాకే ఎక్కువ మార్పు కనబడింది. దీన్ని రెండు విధాలుగా చదవొచ్చు. పేద పిల్లలకు కూలి పెంచండి, తిండి పెట్టండి, బడి ఇవ్వండి అని ఒకటి. పేదవాళ్ళ మెదడే చిన్నది, ఏం చేస్తాం అని రెండోది. ఏ చదువు గెలుస్తుందన్నది స్కానర్ తేల్చదు. ఆ గదిలో ఎవరున్నారన్నది తేలుస్తుంది. ఆకలి ఎరిగిన ఒక్క మనిషి లేని గదిలో రెండో చదువుకు ఎదురు చెప్పేదెవరు?

ఇక సభలో మా అనుభవం. రిజిస్ట్రేషన్ ఫీజు ముందు కట్టాలి, రైలు ఖర్చు ముందు పెట్టుకోవాలి, బిల్లులు దాచి తర్వాత పంపాలి. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 అయింది, కాగితం మీద బాగానే ఉంది. అది నెలల తరబడి ఆలస్యంగా వస్తే హాస్టల్ మెస్సు బాకీ ఎవరు తీరుస్తారు? ఇంటికి పంపాల్సిన డబ్బు ఎవరు పంపుతారు? నెట్ రానివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వాళ్ళకు 2012 నుంచి ఏళ్ళ తరబడి నెలకు 8,000 మాత్రమే. అది కూడా తీసేస్తామని యూజీసీ 2015లో అంటే విద్యార్థులు లాఠీలు తిని నిలబెట్టుకున్నారు. 'తర్వాత ఇస్తాం' అనే మాట, చేతిలో ముందే ఉన్నవానికి మాత్రమే అర్థమయ్యే భాష.

పోస్టర్ల దగ్గర తమ్ముడు నిలబడ్డాడు. పని బాగుంది, మేము చెప్పడం కాదు, వచ్చి చూసిన ఇద్దరు ముగ్గురు పెద్దలు కూడా అన్నారు. ఒకాయన శ్రద్ధగా విని, తర్వాత ఏ ఊరు అనడిగాడు, మీ పూర్తి పేరేమిటి అనడిగాడు. తమ్ముడు ఇంటిపేరు చెప్పాడు. నాన్నగారు ఏం చేస్తారు అన్నాడు. కూలి అని చెప్పాడు. 'వెరీ గుడ్' అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రయోగం గురించి ఒక్క ప్రశ్న లేదు. ఇదేమీ అవమానం కాదని ఎవరైనా అనొచ్చు. కానీ పరిచయాలు పెంచుకోవాలని వేదిక మీద చెప్పిన సభలో పరిచయం ఎక్కడ ఆగిపోతుందో మాకు కళ్ళారా కనబడింది.

నిజం చెప్పాలంటే రెండో రోజు ఒక మంచి సెషన్ జరిగింది. ఒక మహిళా శాస్త్రవేత్త పిల్లలు పుట్టాక పరిశోధనకు దూరమైన సంవత్సరాల గురించి, తిరిగి రావడానికి పడ్డ పాట్ల గురించి దాపరికం లేకుండా మాట్లాడింది. అది దయతో దొరికిన సెషన్ కాదు, స్త్రీలు అడిగి అడిగి సాధించుకున్నది. ఇల్లు కూడా ల్యాబ్‌లో భాగమేనని ఆమె చెప్పినప్పుడు హాలు నిశ్శబ్దంగా విన్నది. అయితే వాడ కూడా ల్యాబ్‌లో భాగమేనని చెప్పే సెషన్ ఎందుకు లేదు? ఇక్కడ తప్పు నిర్వాహకులది మాత్రమే కాదు. ప్రశ్నల సమయంలో మైకు మా వరుస దాకా వచ్చింది. షెడ్యూలు గురించి అడగాలని కాగితం మీద రాసుకున్నాం కూడా. అడగలేదు. గైడ్ మూడు కుర్చీల అవతల కూర్చున్నాడు. థీసిస్ ఇంకా సబ్మిట్ కాలేదు. ఆ మౌనాన్ని మేము ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

ఉద్యమానికి కూడా ఒక మాట. దళిత అధ్యయనాల పేరుతో మనం సాహిత్యం చదివాం, చరిత్ర తిరగరాశాం, రాజకీయాలు విశ్లేషించాం. ప్రయోగశాలను మాత్రం వదిలేశాం. సైన్సు విద్యార్థులు చనిపోయినప్పుడు మాత్రమే అటు చూస్తున్నాం. 2016 జనవరి 17న మనం పోగొట్టుకున్న రోహిత్ వేముల సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష మీద థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. అది ఎన్ని ల్యాబుల్లో చర్చకొచ్చింది? మనమైనా ఎన్ని ఊళ్ళలో చర్చకు పెట్టాం?

అందువల్ల మా ప్రతిపాదనలు పెద్దవి కావు. ఇట్లాంటి సభలకు ఎంపికైన పేద విద్యార్థుల ఫీజు, ప్రయాణ ఖర్చు ముందుగానే ఇవ్వాలి. ఎంతమంది దరఖాస్తు పెట్టారో, ఎంతమందిని పిలిచారో సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలి. రోస్టర్, మినహాయింపుల షెడ్యూలు, ఫిర్యాదు చేసే దారి, ఈ మూడింటి మీద కెరీర్ సెషన్‌లో ఒక గంట ఉండాలి. విజయగాథ చెప్పేవాళ్ళు తమకు ఇంట్లో ఏమేం దొరికాయో కూడా చెప్పాలి. మనవైపు నుంచి చేయాల్సిందేమిటంటే, మెదడు పరిశోధన సంస్థకు మినహాయింపు ఎందుకని రాతపూర్వకంగా అడగాలి, విద్యార్థి సంఘాల డిమాండ్లలో దాన్ని చేర్చాలి.

తిరుగు ప్రయాణంలో జనరల్ బోగీ తలుపు దగ్గర కూర్చున్నాం. తమ్ముడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. 'సదువు ఎప్పుడొడుస్తది బిడ్డా' అని తల్లి అడగడం మాకూ వినబడింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అన్నా, నాకు తపన లేదేమో. గ్రూప్స్‌కు చదువుకుంటా' అన్నాడు. రాత్రి పదింటి దాకా ల్యాబ్‌లో ఎలుకల దగ్గర కూర్చునే పిల్లవాడు, ఆదివారం కూడా వచ్చే పిల్లవాడు, తనకు తపన లేదని రెండు రోజుల్లో నేర్చుకుని వచ్చాడు. ఆ సింపోజియం నేర్పిన పాఠం అది.

గ్రూప్స్ తక్కువని మేము అనం. ఇంటికి జీతం కావాలి. కానీ కుట్టింది ఎవరో తెలియక కన్నునే నిందించుకుంటూ వెళ్ళిపోవడాన్ని మేము ఒప్పుకోం. ఆ రాత్రి అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం. మళ్ళీ ఇట్లాంటి సభ జరిగినప్పుడు మైకు మన వరుసకు వస్తుంది. అప్పుడు షెడ్యూలు కాగితం చేతిలో పట్టుకుని, ఒక్కరం కాకుండా పదిమందిమి లేచి నిలబడాలి.